సిఫారసు సరే, ముందు సంగతి చెప్పండి

ఇక్కడ ఎప్పుడూ తాతల మగ్గాల గురించి, మార్కండేయ రథం గురించి, పాత ఫోటోల గురించి రాస్తుంటాం. ఈసారి నౌకరీల గురించి రాయాల్సి వచ్చింది. పోయిన నెల మా ఇంట్లో దీని మీదే పెద్ద గొడవ అయింది. అది ఇంకా చల్లారలేదు.

మా చిన్నాన్న కొడుకు బీసీఏ పాసై ఏడాదిన్నర అయింది. పుణెలో ఒక కన్సల్టెన్సీ వాడు అతనికి ఒక దారి చూపించాడు. లక్షా ఇరవై వేలు కడితే మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు కాగితాలు తయారు చేసి ఇస్తారట. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో వెనక నుంచి ఎవరో జవాబులు అందిస్తారట. జీతం యాభై వేలకు తగ్గదట. చిన్నాన్న దగ్గర సగం డబ్బు ఉంది, మిగతా సగం మేము సర్దాలి. "నువ్వు అదే లైన్ల ఉన్నవ్ గదా, మీ కంపెనీల కూడ ఒక మాట చెప్పి పెట్టు" అని అడిగారు. మేము డబ్బు ఇవ్వమన్నాం, ఆ కాగితాలతో వస్తే మాట కూడా చెప్పమన్నాం. అప్పుడు చిన్నమ్మ ఒక మాట అడిగింది.

"మీ తాత మిల్లుల ఎట్ల చేరిండు? వశిలా మీదనే గదా! అప్పుడు లేని తప్పు ఇప్పుడెట్ల వచ్చింది?"

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాం. తరువాత చాలా ఆలోచించాం. మా జవాబు ఇది.

వశిలా అన్న మాట మన పేటలో పుట్టిన పిల్లలందరికీ తెలుసు. మరాఠీ వాళ్ళు వశిలా అంటారు, కన్నడం వాళ్ళు వశీలి అంటారు, తెలుగు పుస్తకాల్లో సిఫారసు అని రాస్తారు. సోలాపూర్‌లో మూడు భాషలూ నడుస్తాయి, మూడింట్లోనూ ఈ మాట లేకుండా పని నడవదు. చిన్నమ్మ చెప్పింది అబద్ధం కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి మనవాళ్ళు ఇక్కడికి వచ్చిందే ఒకరి వెనక ఒకరు. ముందు వచ్చినవాడు గదిలో చోటు ఇచ్చాడు, మగ్గం మీద చోటు చూపించాడు. 1877లో మొరార్జీ గోకుల్‌దాస్ ఇక్కడ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు పెట్టాడు. మనం జూనీ మిల్ అనేది దాన్నే. దాని వెనక మిగతా మిల్లులు వచ్చాయి. వాటిలో చేరడానికి పరీక్ష లేదు, దరఖాస్తు లేదు. జాబర్ చెబితే పని, చెప్పకపోతే లేదు. ఆ జాబర్‌కు చెప్పడానికి మన చుట్టం ఒకడు లోపల ఉండాలి.

కాని ఆ వశిలాలో రెండు సంగతులు ఉండేవి, వాటిని మనం మరిచిపోయాం.

మొదటిది, మాట చెప్పేవాడికి పని తెలుసు, పిల్లవాడూ తెలుసు. దారం తెగితే ముడి వేయడం వచ్చో రాదో ఇంట్లోనే చూసి, ఆ తరువాతే జాబర్ దగ్గరికి తీసుకుపోయేవాడు. పిల్లవాడు పని చెడగొడితే తన మాట పోతుంది. అంటే అతను జామీను నిలబడ్డట్టు. ఇప్పటి కన్సల్టెన్సీ వాడికి మా తమ్ముడు ఎవరో తెలియదు. రేపు కంపెనీ బయటికి పంపితే వాడి మొహం ఎందుకు చిన్నబోతుంది? డబ్బు ముందే తీసుకున్నాడు కదా.

రెండోది, పని ఉందో లేదో అందరికీ తెలిసేది. మా తాత చాలా ఏళ్ళు బద్లీ కార్మికుడు. పర్మనెంటు కార్మికుడు రాని రోజు అతని చోట నిలబడేవాడే బద్లీ. రోజూ భోంగా మోగే వేళకు మిల్లు గేటు దగ్గర నిలబడాలి. పిలిస్తే లోపలికి, పిలవకపోతే ఇంటికి. పొద్దున ఎనిమిదింటికే తాత గల్లీలోకి తిరిగి వస్తున్నాడంటే ఆ రోజు కూలి లేదని అరుగు మీద కూర్చున్న ప్రతి మనిషికీ తెలిసిపోయేది. అందులో దాచడానికేం లేదు, సిగ్గుపడటానికీ ఏం లేదు. "ఇవాళ ఫలానా ఖాతాల మనుషులు తక్కువున్నరు, రేపు ఆ గేటుకు పో" అని పక్కింటివాడు చెప్పేవాడు. పని లేని సంగతి బయట పడ్డది కాబట్టే పని ఉన్న సంగతి అతని చెవిన పడేది.

ఇప్పుడు మన దగ్గర వశిలా అన్న పేరు మిగిలింది కాని ఆ రెండూ పోయాయి. జామీను పోయింది, సంగతి చెప్పుకోవడం పోయింది. మేము రాస్తున్నది ముఖ్యంగా రెండోదాని గురించి. దానికి మా సొంత కథే చెప్పాలి.

అమ్మ పుట్టిల్లు అక్కల్‌కోట్ వైపు. ఇక్కడ పది అడుగుల గదిలో అంతమంది పెరగడానికి చోటు లేక మమ్మల్ని మేనమామ ఇంట్లో ఉంచారు. అక్కడ జిల్లా పరిషత్తు కన్నడ బడి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బస్సులో మరాఠీ. పది దాకా కన్నడంలోనే చదివాం. తెలుగు చదవడం పెద్దయ్యాక వచ్చింది. కన్నడ అక్షరాలు వచ్చినవాడికి తెలుగు అక్షరాలు సగం వచ్చినట్టే కాబట్టి నాలుగు వారాల్లో దుకాణాల బోర్డులు చదవగలిగాం. అందుకే మా రాతలో తప్పులుంటే మన్నించండి.

సోలాపూర్‌లో డిగ్రీ చేసి 2011లో పుణె వెళ్ళాం. మా మొదటి బయోడేటాలో ఏముందో చెబితే నవ్వుతారు. కులం, ఎత్తు, నాయన చేసే పని, ఎందరు అన్నదమ్ములు, అన్నీ ఉన్నాయి. పెళ్ళి బయోడేటాకూ దానికీ తేడా లేదు. మీడియం కన్నడం అని రాస్తే పిలవరేమో అని భయపడి దాన్ని మాత్రం తీసేశాం. ఎనిమిది నెలలు తిరిగాం. సాఫ్ట్‌వేర్ రాయడమే కాక దాన్ని పరీక్షించడం కూడా ఒక ఉద్యోగమని తెలియడానికే నాలుగు నెలలు పట్టింది. చివరికి ఒక చిన్న కంపెనీలో నెలకు తొమ్మిది వేలకు టెస్టర్‌గా చేరాం.

చేరిన తరువాత తెలిసింది, మా పక్క గల్లీ పిల్లవాడొకడు అప్పటికే రెండేళ్ళ నుంచి పుణెలో ఇదే పని చేస్తున్నాడని. వాళ్ళమ్మ, మా అమ్మ ఒకే బీడీ కారఖానాకు బీడీలు అప్పజెప్పేవాళ్ళు. ఇద్దరూ వారానికి ఆరు రోజులు ఒకే వరసలో నిలబడేవాళ్ళు. "మావోడు పుణెల కంపెనీల ఉన్నడు" అన్నంత వరకే మాట నడిచింది. ఏ పని, ఎంత జీతం, ఎట్లా దొరికింది అన్నది ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అడిగితే దిష్టి అనుకుంటారు, చెబితే గొప్పలు అనుకుంటారు. ఒక్క పది నిమిషాల మాట మాకు నాలుగు నెలలు మిగిల్చేది. ఆ రోజు మాకు కావలసింది సిఫారసు కాదు, ఆ పది నిమిషాలే.

మేము మాత్రం తరువాత మారామా అంటే, లేదు. 2023లో మా కంపెనీ కొంతమందిని తీసేసింది, అందులో మేమూ ఉన్నాం. చేత్తో చేసే టెస్టింగ్ తగ్గించి, స్క్రిప్టులతో నడిచే ఆటోమేషన్ పెడుతున్నామని చెప్పారు. ఆ సంగతి ఇంట్లో ఏడు వారాలు చెప్పలేదు. శనివారం హుతాత్మా ఎక్స్‌ప్రెస్‌లో సోలాపూర్ రావడం, సోమవారం పొద్దున మళ్ళీ అదే బండి ఎక్కడం. ఎవరైనా అడిగితే "పని బాగుంది" అనడం. తాత గేటు నుంచి వెనక్కి రావడానికి సిగ్గుపడలేదు, చదువుకున్న మేము సిగ్గుపడ్డాం. చివరికి వదినె పట్టుకుంది. "ఫోనుల ఆఫీసు మాటలు వినొస్తలేవు, ఏమైంది?" అని అడిగింది. చెప్పేశాం.

చెప్పిన రోజే పని మొదలైంది. అన్న ఇంటి లెక్క తీశాడు: దుకాణం మీద ఎంత, వదినె సంపాదన ఎంత, బ్యాంకులో ఎంత, ఎన్ని నెలలు నడుస్తుంది. ఆరు నెలలని తేలింది. గది ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాం. పాత ఆఫీసులో కలిసి పనిచేసిన ఒకామెకు ఫోన్ చేశాం. ఆమె ఏ కంపెనీలో చోటుందో చెప్పింది. అంతకన్నా ముఖ్యంగా, వాళ్ళు ఏం అడుగుతారో చెప్పింది. జావా కొంచెం, సెలీనియం బాగా, ఏపీఐ పరీక్షించడం తప్పకుండా వచ్చి ఉండాలంది. మూడు నెలలు అవి కూర్చుని నేర్చుకున్నాం. తరువాత ఆమె రిఫరల్ ఇచ్చింది. మూడు ఇంటర్వ్యూలు అయ్యాయి. పాత జీతం కన్నా తక్కువకే చేరాం, కాని చేరాం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రిఫరల్, వశిలా ఒకటే అని మనవాళ్ళు అనుకుంటారు. రిఫరల్ అంటే మన రెజ్యూమె కుప్పలో అడుగున పడకుండా పైకి రావడం, అంతే. ఇంటర్వ్యూ మనమే ఇవ్వాలి. చాలా కంపెనీలు ఇట్లా మనిషిని చూపించిన తమ ఉద్యోగికి చేరిక తరువాత కొంత సొమ్ము ఇస్తాయి. అది కంపెనీ ఇచ్చేది. పనికోసం వచ్చినవాడి దగ్గర ఎవరైనా డబ్బు అడిగితే అది రిఫరల్ కాదు.

ఇక దొంగ అనుభవం సంగతి. ఇది తప్పు అని చెబితే చిన్నమ్మ వినదు, కాబట్టి ఎట్లా దొరికిపోతారో చెబుతాం. 2014 నుంచి పీఎఫ్‌కు యూఏఎన్ అని ఒకే నంబరు ఉంది. మనిషి ఎన్ని కంపెనీలు మారినా నంబరు మారదు. ఏ కంపెనీ ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ కట్టిందో అందులో కనబడుతుంది. మూడేళ్ళ అనుభవం అని కాగితం చూపించి, పీఎఫ్‌లో ఒక్క నెల కూడా లేకపోతే ఏం జవాబు చెబుతాం? చాలా కంపెనీలు చేరిన తరువాత కూడా వెరిఫికేషన్ చేయిస్తాయి. మాకు తెలిసిన ఒక పిల్లవాడు ఇట్లాగే చేరి నాలుగో నెలలో బయటికి వచ్చాడు. కన్సల్టెన్సీ ఫోను ఎత్తలేదు. అప్పు మాత్రం మిగిలింది. ఆ నాలుగు నెలలూ కూడా సుఖంగా లేడు. తెలియని పనిని తెలిసినట్టు నటించడం ఎంత కష్టమో పక్కన కూర్చునే మాకు తెలుసు. అట్లాంటివాడి పని చివరికి టీములో ఇంకొకరి మీద పడుతుంది.

కాబట్టి మన పిల్లలకు ఈ నాలుగు ముక్కలు చెప్పండి. నిజమైన కంపెనీ రిజిస్ట్రేషన్‌కు, ట్రైనింగ్‌కు, ల్యాప్‌టాప్ డిపాజిట్‌కు డబ్బు అడగదు. ఆఫర్ లెటర్ సొంత కంపెనీ ఈమెయిల్ నుంచి వచ్చిందా, ఊరికే ఉచిత ఈమెయిల్ నుంచి వచ్చిందా చూడాలి. ప్రభుత్వం వాళ్ళ నేషనల్ కెరీర్ సర్వీస్ 2015 నుంచి ఉంది, అందులో పేరు నమోదుకు పైసా ఖర్చు లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఈ నంబరు సోలాపూర్ వాళ్ళు మరిచిపోనక్కర లేదు, మన ఊళ్ళో మార్షల్ లా పెట్టిన సంవత్సరం అదే.

పని మార్చుకోవడం గురించి కూడా రెండు మాటలు. మన ఇళ్ళలో ఇది కొత్త కాదు. చేతి మగ్గం నుంచి మిల్లుకు, మిల్లు నుంచి పవర్‌లూమ్‌కు వచ్చినవాళ్ళం. 1990ల్లో లక్ష్మీ-విష్ణు లాంటి మిల్లులు మూతపడ్డాక ఎందరు పవర్‌లూమ్ కారఖానాల్లో, ఎందరు రిక్షాల మీద, ఎందరు కూరగాయల బండ్ల మీద పడ్డారో పెద్దవాళ్ళకు తెలుసు. అప్పుడు ఇల్లు నడిపింది ఆడవాళ్ళ బీడీల చాట. పేటలో వేలమంది ఆడవాళ్ళు వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకుని ఫీజులు కట్టారు, మా ఫీజు కూడా అట్లాగే కట్టారు. అయినా ఇంట్లో నౌకరి గురించి మాట వచ్చినప్పుడు వాళ్ళను లోపలికి పంపి మగవాళ్ళే మాట్లాడుకుంటారు. ఇది మానాలి. మా సంగతి పట్టుకున్నదీ, ఆ ఆరు నెలల్లో సగం ఇల్లు నడిపిందీ వదినె.

మా అన్న పని మార్చుకున్న తీరు మాకు నచ్చింది. నాయన పెట్టిన నాలుగు పవర్‌లూమ్‌ల మీద టెర్రీ టవళ్ళు నేసేవాడు. సోలాపూర్ చద్దరుకు, టవలుకు భౌగోళిక గుర్తింపు వచ్చి ఏళ్ళయినా నూలు ధర, కరెంటు బిల్లు పోను మా బోటి చిన్నవాళ్ళకు మిగిలేది తక్కువే. అన్న మగ్గాలు అమ్ముదామని నిర్ణయించుకోకముందు ఒక నెల రోజులు స్నేహితుడి యూనిఫాం యూనిట్‌లో పొద్దున పూట కూర్చున్నాడు. కటింగ్ ఎట్లా, ఆర్డరు ఎవరిస్తారు, డబ్బు ఎన్నాళ్ళకు వస్తుంది, బడులు తెరిచే కాలం పోతే మిగతా నెలలు ఏం చేస్తారు, అన్నీ చూశాడు. ఆ తరువాతే మగ్గాలు తూకానికి ఇచ్చేశాడు. ఆ రోజు నాయన ఇంట్లోంచి బయటికి రాలేదు. అది వేరే కథ, ఎప్పుడైనా రాస్తాం. ఇప్పుడు ఆరు కుట్టు మిషన్లు ఉన్నాయి. పెద్ద లాభాలు అని చెప్పం, కాని అప్పు లేదు.

అన్న దగ్గర మేము నేర్చుకున్నది ఇదే. మగ్గం దిగకముందే మిషన్ ఎక్కి చూడాలి. ఉన్న పని వదిలే ముందు కొత్త పని చేసేవాడి పక్కన కొన్నాళ్ళు కూర్చోవాలి. అట్లా కూర్చోనిచ్చేవాడు చుట్టమే అయి ఉంటాడు. చుట్టరికం నిజంగా పనికొచ్చేది ఇక్కడ.

ఇంకొకటి, ఉన్నదాన్ని దాచకండి. మేము బయోడేటాలోంచి తీసేసిన కన్నడమే తరువాత అక్కరకు వచ్చింది. ఒక యాప్‌ను కన్నడంలో, తెలుగులో తెస్తున్నప్పుడు స్క్రీన్లు చూడటానికి మనిషి కావాల్సి వచ్చింది. వరస ఎత్తు సరిపోక అక్షరాల కింద ఒత్తులు తెగిపోతున్నాయి. ఇంగ్లీషులో చదివిన మిగతా టెస్టర్లకు అది తప్పు అని కూడా తెలియలేదు. మాకు ఒక్క చూపులో కనబడింది. దానివల్ల జీతం పెరిగిందని కాదు, కాని అప్పటి నుంచి కన్నడ మీడియం అని ధైర్యంగా రాస్తున్నాం.

ఇదంతా విని చిన్నమ్మ ఒక మాట అనవచ్చు: "నీకు నౌకరి ఉంది కాబట్టి నీతులు చెప్తున్నవ్." నిజమే. కొత్తవాళ్ళకు దారి మా కాలం కన్నా ఇరుకైంది. చేత్తో చేసే టెస్టింగ్‌లో మాకు దొరికినట్టు తొమ్మిది వేల నౌకరి కూడా ఇప్పుడు సులభంగా దొరకడం లేదు. తమ్ముడి ఏడాదిన్నర ఊరికే పోలేదు, వాడు తిరిగిన చోట్లు మాకు తెలుసు. అందుకే డబ్బు ఇవ్వం అని ఊరుకోలేదు. ఇప్పుడు వాడు పొద్దున అన్న యూనిట్‌లో ఆర్డర్ల లెక్క చూస్తున్నాడు, దానికి అన్న జీతం ఇస్తున్నాడు. రాత్రి రెండు గంటలు మా దగ్గర ఫోనులో నేర్చుకుంటున్నాడు. ఆరు నెలలు చూద్దాం అనుకున్నాం. అప్పటికీ కాకపోతే టెస్టింగ్ ఒక్కటే పని కాదు, వేరేది చూస్తాం. ఆ కన్సల్టెన్సీకి కట్టాల్సిన లక్షా ఇరవై వేలు ఇంట్లోనే ఉంటాయి.

చివరగా మేము అడిగేది చిన్న పని. రాఖీ పున్నమకు రథం చూడటానికి పుణె, ముంబై, భివండీ, హైదరాబాద్ నుంచి అందరూ ఇంటికి వస్తారు. జంధ్యాలు మార్చుకుంటాం, భోజనాలు చేస్తాం, మధ్యాహ్నం పడుకుంటాం. ఈసారి పడుకునే ముందు ఒక గంట కూర్చుందాం, ఆడవాళ్ళు కూడా. నౌకరి ఉన్నవాళ్ళు నాలుగు సంగతులు చెప్పాలి: చేసే పని ఏమిటి, చేరినప్పుడు జీతం ఎంత, ఇంటర్వ్యూలో ఏం అడిగారు, ఇప్పుడు కొత్తవాళ్ళను తీసుకుంటున్నారా లేదా. నౌకరి పోయినవాళ్ళు పోయిందని చెప్పాలి. విన్నవాళ్ళు అయ్యో అనకుండా, తెలిసిన గేటు పేరు చెప్పాలి. దూరంగా ఉండి రాలేనివాళ్ళు ఇదే రాసి పంపండి.

చిన్నమ్మ ఇంకా మాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆమెకు తెలుగు చదవడం రాదు, మరాఠీ వస్తుంది. దీన్ని చదివి వినిపించమని తమ్ముడికే చెప్పాం.